ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో ఫిగారో

ఇంగ్లండ్‌లోని మా లెస్టర్‌లో ఈ ఫిగారో కారు ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు వచ్చి ఏ సంవత్సరం మోడల్ అని అడుగుతారు. 1960ల నాటిదని వాళ్ల ఊహ. నిజానికి నిస్సాన్ ఫిగారో 1991లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. తయారైనవి సుమారు 20,000. అడిగినవాళ్లు అంతకంటే ఎక్కువ కావడంతో లాటరీ తీసి ఇచ్చారు. అక్కడా స్టీరింగ్ కుడివైపే కాబట్టి తర్వాత చాలా బండ్లు ఇంగ్లండ్ చేరాయి. వచ్చినవి నాలుగు రంగులే. మాది పేల్ ఆక్వా, లేత నీలం. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు "అచ్చం మీ తాతగారి ఫియట్‌లా ఉందిరా" అంటూ డోరు నిమిరింది.

పైకి ఎంత పాతకాలపు సోకున్నా లోపలున్నది నిస్సాన్ మార్చ్ అనే మామూలు చిన్న కారు. ఇక్కడ దాన్నే మైక్రా అంటారు. ఇన్నేళ్లు రోజూ నడపగలిగానంటే కారణం అదే. 987 సీసీ టర్బో ఇంజన్, మూడు గేర్ల ఆటోమేటిక్. ఊళ్లో హాయిగా పోతుంది. మోటర్‌వే మీద వేగం గంటకు 70 మైళ్లకు చేరితే ఇంజన్ మోత పెరిగి, పక్కవాళ్లతో గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది. నాకు లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తోంది. వెనక సీటు పేరుకే.

టాప్ తీస్తే మాత్రం అవన్నీ మర్చిపోతాను. పక్క ఫ్రేములు అలాగే ఉండి, నడి కప్పు ఒక్కటే వెనక్కి మడుచుకుంటుంది. పీక్ డిస్ట్రిక్ట్ కొండదారుల్లో ఎండ పడుతున్న తెల్లటి తోలు సీట్లో కూర్చుని, మెరిసే మీటలు తిప్పుతూ పోవడం నాకు ఇప్పటికీ పండగే.

అసలు టెన్షన్ తుప్పుతోనే. ఇది వయసు తెచ్చే జబ్బు. పైగా ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కొన్న రెండో ఏడు ఎంఓటీకి, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో ఇక్కడ ఏటా చూసే పరీక్షకు ముందు మెకానిక్ డోరు కింది అంచును స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. నిగనిగలాడే రంగు పెంకులా ఊడి, కింద లప్పం, దాని వెనక గోధుమరంగు పొడి రాలాయి. ఎవరో పాత యజమాని కప్పిపెట్టిన గాయం అది. రెండువైపులా కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను. అప్పటి నుంచి ఏటా అక్టోబరులో అడుగుభాగానికి మైనం పూత వేయిస్తున్నాను, మళ్లీ తుప్పు రాలేదు.

ఇంజన్ సామాన్లకు పెద్దగా ఇబ్బంది లేదు, చాలావరకు మార్చ్‌వే సరిపోతాయి. దీనికి మాత్రమే చేసిన క్రోమ్ ముక్కలు, దీపాల చుట్లు వెతికి పట్టుకోవాలి. ఉన్నవి జాగ్రత్తగా కాపాడుకోండి.

కొనేవాళ్లకు నా మాట: రంగు చూసి మురిసిపోకుండా ముందు కిందికి వంగి చూడండి. జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లి డోరు కింది అంచులకు, వెనక చక్రాల పైన రేకుకు ఆనించండి. లప్పం దట్టంగా ఉన్నచోట అది పట్టదు.