ఎలక్ట్రికల్ ప్యానెళ్ల తనిఖీకి చేతి థర్మల్ కెమెరా: చాలాకాలం వాడాక

చెన్నైలోని అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఆటో విడిభాగాలు తయారుచేసే యూనిట్‌లో నేను మెయింటెనెన్స్ చూస్తాను. మా దగ్గరున్నది 160×120 పిక్సెళ్ల థర్మల్ కెమెరా, అంటే వేడిని బొమ్మగా చూపించేది. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తాను. మీ బ్రేక్‌డౌన్లలో ఎక్కువ భాగం ఎలక్ట్రికల్ అయితే కొనండి. బేరింగులూ గేర్‌బాక్సులే తలనొప్పి అయితే ఆ డబ్బు వైబ్రేషన్ మీటర్ మీద పెట్టండి. బేరింగ్ బాగా వేడెక్కి కెమెరాకు దొరికే సరికి చాలాసార్లు దాని పని అయిపోయి ఉంటుంది.

ఈ కెమెరా మీద నాకు గురి కుదిరింది స్క్రూ కంప్రెసర్ దగ్గర. మధ్యాహ్నం షిఫ్టులో తరచూ ఓవర్‌లోడ్ చూపించి ట్రిప్ అయ్యేది. టంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెడితే మూడు ఫేజుల కరెంటూ సమానం, మోటార్ రేటింగ్ లోపలే. మెగ్గర్‌తో చూసిన ఇన్సులేషన్ విలువలూ బాగున్నాయి. సర్వీస్ వాళ్లు చెప్పారని, కరెంటు ఎక్కువైతే మోటార్‌ను ఆపే ఓవర్‌లోడ్ రిలే కొత్తది వేశాం. కొన్నాళ్లకు మళ్లీ అదే గోల, ప్రొడక్షన్ వాళ్ల ఫోన్లు, అందరికీ టెన్షన్.

లోడ్ మీద ఉండగా కెమెరా పెట్టి చూస్తే రిలే కింద, మోటార్ కేబుల్ తగిలించే చోట, వై ఫేజ్ మిగతా రెండింటికన్నా 30 డిగ్రీలకు పైగా వేడిగా ఉంది. మా ఎలక్ట్రీషియన్ సూళ్లూరుపేట మనిషి, నాకన్నా పెద్దవాడు. షట్‌డౌన్ తీసుకుని చూసి, "స్క్రూ బిగుతుగానే ఉంది సార్, తిరగడం లేదు" అన్నాడు. "అయితే లగ్ విప్పి చూడన్నా" అన్నాను. లగ్ అంటే కేబుల్ చివర నొక్కి బిగించే లోహపు తొడుగు. లాగితే కేబుల్ ఊడి చేతికొచ్చింది. క్రింపింగ్‌కి, అంటే దాన్ని నొక్కడానికి, సైజు తప్పిన డై (అచ్చు) వాడారు. అక్కడ పుట్టిన వేడి రాగి వెంట రిలేలోకి పాకి, వేడికి వంగి ట్రిప్ చేయించే బైమెటల్ పట్టీని వంచుతోంది. కరెంటు సరిగ్గానే ఉన్నా రిలే దాన్ని ఓవర్‌లోడ్ అనుకుంటోంది. గది వేడికి సర్దుబాటు రిలేలో ఉంటుంది కానీ, టెర్మినల్ గుండా వచ్చే వేడికి ఉండదు. కొత్త లగ్ వేసి టార్క్ రెంచ్‌తో బిగించాక ఆ ట్రిప్ మళ్లీ రాలేదు.

అందుకే తెర మీద కనిపించే అంకె కన్నా, వేడి ఎక్కడ ఎక్కువగా ఉంది, ఎటు తగ్గుతూ పోతోంది అన్నదే ముఖ్యం. ఒకే లోడ్ మోస్తున్న పక్క ఫేజ్‌తో పోల్చాలి. ఎలక్ట్రికల్ పరీక్షలకు ప్రమాణాలు ఇచ్చే అమెరికాలోని నెటా సంస్థ పట్టిక ప్రకారం ఆ తేడా 15 డిగ్రీలు దాటితే వెంటనే బాగుచేయాలి. మేం దాన్నే పాటిస్తున్నాం. లోడ్ తక్కువగా ఉన్నప్పుడు తీసిన ఫొటోను మాత్రం నమ్మకండి. కరెంటు సగమైతే జాయింటులో పుట్టే వేడి పావు వంతే. ఆదివారం ఖాళీ ప్లాంటులో ఫొటోలు తీసి "అంతా ఓకే" అని ఇచ్చే రిపోర్టు ఆడిట్ ఫైలుకే పనికొస్తుంది.

మెరిసే రాగి బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంటు మోసే పట్టీ) దగ్గర ఈ కెమెరా అబద్ధమే చెబుతుంది. బస్‌బార్ వేడికి బదులు ఎదురుగా నిలబడ్డ మన ఒంటి వేడే ప్రతిఫలించి కనిపిస్తుంది. షట్‌డౌన్‌లో అక్కడక్కడ నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించి, కెమెరాలో ఎమిసివిటీ (ఉపరితలం వేడిని వెదజల్లే గుణం) 0.95 పెట్టి ఆ ముక్కల మీదే చూస్తాం. యాక్రిలిక్ కవర్ గుండా, గాజు గుండా లోపలి వేడి కనిపించదు. కవర్ తీయాల్సిందే. అంటే లైవ్ ప్యానెల్ ముందు నిలబడాలి. ఆర్క్ ఫ్లాష్ (షార్ట్ అయితే ఎగిసే మంట) నుంచి కాపాడే సూటు, ఫేస్ షీల్డ్, పక్కన ఇంకో మనిషి లేకుండా మా దగ్గర ఎవరూ తలుపు తెరవరు. కుదిరితే ప్యానెల్‌కే ఇన్‌ఫ్రారెడ్ విండో (వేడి కిరణాలను బయటికి వదిలే కిటికీ) పెట్టించుకోండి.

చిన్న చిన్న చికాకులూ ఉన్నాయి. ఎండలో తెర కనిపించదు, మండువేసవి కత్తిరి రోజుల్లో టెర్రస్ మీద కూలింగ్ టవర్ మోటార్లు చూడాలంటే నరకం. మధ్యమధ్య టిక్కుమని బొమ్మ ఒక్క క్షణం ఆగుతుంది. సెన్సర్ తనను తాను సరిచూసుకోవడమే అది, పాడైందని కంగారుపడకండి. బ్యాటరీ మొదట్లో ఉన్నంతసేపు ఇప్పుడు రావడం లేదు. ఫోన్ యాప్ దండగ, మేం మెమరీ కార్డుతోనే నడిపిస్తున్నాం.

షెడ్డు కప్పు కింద వెళ్లే బస్ డక్ట్ (బస్‌బార్లు వెళ్లే రేకు పెట్టె) జాయింట్లకు మాత్రం ఇది చాలదు. అంత దూరం నుంచి జాయింటు రెండు మూడు పిక్సెళ్లకు మించి రాదు, చుట్టుపక్కల చల్లదనం కలిసిపోయి అంకె తక్కువ చూపిస్తుంది. ఆ పని ఉన్నవాళ్లు 320×240 తీసుకోండి, ధర ఎక్కువైనా సరే.