తోంజిరునా, కెన్‌చిన్‌జిరునా?

ముల్లంగి, క్యారెట్, చామదుంప, గోబో అనే వేరు, కొన్యాకు అనే దుంపపిండి జెల్లీ ముక్కలు. జపాన్‌లో చలికాలం సూప్ గిన్నెలో ఇవి కనిపిస్తే అది తోంజిరు అయినా కావచ్చు, కెన్‌చిన్‌జిరు అయినా కావచ్చు. కూరగాయల్ని బట్టి తేల్చలేం, రెంటిలోనూ దాదాపు అవే.

పల్చటి పంది మాంసం ముక్కలుంటే ఇక అనుమానం లేదు, తోంజిరే. అందులో మీసో అనే పులియబెట్టిన సోయా ముద్ద కలుపుతారు కాబట్టి రసం చిక్కగా మసకబారి ఉంటుంది. కాసేపు కదపకపోతే మీసో అడుగుకు దిగి, పైన తేట నిలుస్తుంది.

కెన్‌చిన్‌జిరుకు సోయా సాస్. రసం తేటగా ఉంటుంది. కూరగాయల్ని ముందే నువ్వుల నూనెలో వేయిస్తారు, అందుకే గిన్నె దగ్గరికి తీసుకోగానే ఆ వాసన గుప్పుమంటుంది. టోఫును, అంటే సోయా పనీర్‌ను, కత్తితో కోయకుండా చేత్తో చిదిమి వేయడం దీని పాత పద్ధతి. అంచులు గరుకుగా ఉంటే రసం బాగా పడుతుంది. నాకైతే ఇదే రుచి.

కామకురాలో 1253 నాటి కెన్‌చోజి బౌద్ధాలయంలో ఇది పుట్టిందంటారు. సంప్రదాయ పద్ధతిలో చేపా మాంసం ఉండవు, కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షిటాకే పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లే. కానీ శాకాహారులు ఆ పేరు చూసి నిశ్చింతగా ఉండకండి. హోటళ్లలో ఎండు చేప తురుము మరిగించిన నీళ్లు వాడేవాళ్లూ ఉన్నారు. కొన్నిచోట్ల మీసో కూడా వేస్తారు, కాబట్టి రంగు ఒక్కటే చూసి ఖాయం చేసుకోలేం.