తుమ్మి పూల కోసం కొండపల్లి, కొండవీడు తిరిగొచ్చాం

కార్తీకం మొదలవగానే మా పిన్నితో రెండు రోజులు వెళ్ళొచ్చాను. సోమవారం శివుడికి తుమ్మి పూలు పెట్టాలని పిన్ని కోరిక, ఆ మొక్కని అది పెరిగే చోటే చూడాలని నాది. చిన్నప్పుడు గుంటూరులో పిన్నివాళ్ళ వీధి చివర ఖాళీ స్థలం నిండా ఉండేవి, పువ్వు లాగి అడుగున తేనె చప్పరించేవాళ్ళం. ఈసారి చూస్తే అక్కడ అంతా వయ్యారిభామే. ఎక్కడో అమెరికా నుంచి వచ్చి, 1950లలో పుణె దగ్గర కంటపడిన కలుపు అది, మన తుమ్మి చోటుని ఆక్రమించేసింది.

మొదటి రాత్రి విజయవాడలో బస్టాండుకి దగ్గర్లో ఒక లాడ్జి. 1800 తీసుకున్నారు, ఏసీ నుంచి రాత్రంతా నీళ్ళు కారాయి, పొద్దున వేడినీళ్ళు లేవు, అడిగితే "ఇప్పుడే వస్తాయండి" అంటారు కానీ రావు. పెద్దవాళ్ళతో వెళ్తే మాత్రం గది చూశాకే డబ్బులు కట్టండి.

కొండపల్లి కోట బాగుంటుంది, కింద తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కడం చూడటానికి అయినా వెళ్ళాలి. తుమ్మి కోసమైతే వద్దు. దారంతా చెట్ల నీడ, ఈ మొక్కకేమో ఎండ తగిలే నేల కావాలి. కోట గోడల దగ్గర తెరిపిగా ఉన్నచోట ఓ పదిహేను మొక్కలు కనపడ్డాయి, అంతే.

సాయంత్రం బస్సులో గుంటూరు చేరి అరండల్‌పేటలో దిగాం. గది 1400, చిన్నదే కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, ఆరింటికే వేడినీళ్ళు వచ్చాయి, సందు చివర ఇడ్లీ, కారప్పొడి. రానూపోనూ, పైన ఆగడంతో కలిపి ఆటో 1100కి మాట్లాడుకుని కొండవీడు బయల్దేరాం.

రెడ్డిరాజుల రాజధాని అని అందరూ కోట కోసమే వెళ్తారు. నాకు మాత్రం కూలిన రాళ్ళ మధ్య పల్చటి మట్టిలో, చెరువు నీళ్ళు తీసిన అంచుల్లో, మోకాలెత్తున విరగబూసిన తుమ్మే కనపడింది! నలుపలకల కాండం, కణుపు కణుపుకీ చుట్టూ గుండ్రటి గుత్తి, అందులోంచి తొంగిచూసే తెల్లటి పూలు. పువ్వుకి పై పెదవి చిన్నది, నూగుతో టోపీలా ఉంటుంది, కింది పెదవి వెడల్పు. తేనెటీగ కింది దానిమీద వాలి లోపలికి దూరితే పైనున్న పుప్పొడి దాని వీపుకి అంటుకుంటుంది. అరగంట అక్కడే కూర్చుండిపోయాను, ఒక్క గుత్తి దగ్గరికే ఎన్నిసార్లు వచ్చాయో.

పిన్ని ఒక్కో గుత్తిలోంచి ఒక్కో పువ్వే తీసింది, మొక్క పీకనివ్వలేదు. లాగితే తెల్లటి గొట్టమే చేతికొస్తుంది, గింజ కట్టే భాగం లోపలే ఉండిపోతుంది. ఇది ఒక్క ఏడాది మొక్క, వానలకి మొలిచి, పూసి, గింజ రాల్చి ఎండిపోతుంది. గింజ రాలకముందే గడ్డి కొట్టేస్తే మరుసటేడు ఆ చోట మొలిచేవి తగ్గిపోతాయి. విజయవాడలో ఒక పార్కులో సరిగ్గా పూతలో ఉండగా మొత్తం కోసి కుప్ప పోశారు, చూసి మనసు పాడైంది. ఒక్క రెండు నెలలు ఆగితే ఏం పోతుంది?

ఏడింటికల్లా పైకి చేరండి, తొమ్మిది దాటితే ఎండ తట్టుకోలేరు. మాకు పైన తినడానికి ఏమీ దొరకలేదు, నీళ్ళు, టిఫిన్ మీరే పట్టుకెళ్ళాలి. దిగాక దారిలో సీతాఫలాలు తప్పకుండా కొనుక్కోండి. మా ఆటో అతను ముందు విసుక్కున్నాడు కానీ, తర్వాత "అమ్మా, ఇవి మా చేలో గట్టు మీద కూడా ఉంటాయి, కలుపని పీకేస్తాం" అన్నాడు. ఈసారి గట్టు మీదవి వదిలేయమని పిన్ని దారి పొడవునా చెబుతూనే ఉంది.

సంక్రాంతికి వెళ్తే ఎండిన పుల్లలే కనిపిస్తాయి. వచ్చే ఏడు విజయవాడలో ఆగం, నేరుగా గుంటూరులో దిగి రెండు ఉదయాలూ కొండవీడుకే వెళ్తాం.