181 హెల్ప్‌లైన్, వన్ స్టాప్ సెంటర్: నా అనుభవం

మాది గోదావరి పాయల మధ్య లంక ఊరు. రాత్రి పంటు ఆగిపోయాక ఒడ్డు దాటే దారి ఉండదు. తొమ్మిదేళ్ల కాపురంలో దెబ్బలు తిన్న రాత్రులన్నీ ఇంట్లోనే తెల్లవారాయి. "కొబ్బరి దింపు డబ్బులు అందక చిరాకులో ఉన్నాడు, సర్దుకో" అనేవారు అత్తగారు. "చెల్లి పెళ్లయ్యేదాకా ఓర్చుకోవే" అంది అమ్మ.

"ఇన్నాళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకు కేసు?" అని ఊళ్లో అడగనివాళ్లు లేరు. నిజానికి ఆ రోజు నా మీద దెబ్బే పడలేదు. సాయంత్రం కూర తరుగుదామంటే కత్తిపీట కనిపించలేదు. వెతికితే బియ్యం డ్రమ్ము వెనక, పాత చీరలో చుట్టి ఉంది. దాచింది ఆరేళ్ల నా కూతురు. "నాన్న వచ్చే టైమైంది కదమ్మా" అంది. పెరట్లోకి వెళ్లి ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేశాను.

అవతలి మేడమ్ మొదట అడిగింది, "పాప నీ దగ్గరే ఉందా అమ్మా? ఆయన ఇంట్లో ఉన్నారా?" అని. ఎందుకు కొట్టాడని అడగలేదు. ఆయన మీద పడితే వెంటనే ఎమర్జెన్సీ నంబరు 112కి చెయ్యమన్నారు. పొద్దున్నే తొలి పంటుకి పాపతో బయల్దేరి, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ వన్ స్టాప్ సెంటర్‌కి వెళ్లాను. డాక్టరు పరీక్ష, కౌన్సెలింగ్, లాయరు సలహా అన్నీ అక్కడే చూశారు, ఖర్చు లేదు. 5 రోజుల దాకా ఉండనిస్తారు.

ఆయన్ని జైల్లో పెట్టించాలని నాకు లేదు, కొట్టడం ఆగాలి, అంతే. 2005 గృహహింస చట్టం కింద, మళ్లీ కొట్టకూడదని కోర్టు రక్షణ ఉత్తర్వు ఇస్తుందని, దాన్ని మీరితే ఏడాది దాకా జైలు పడొచ్చని లాయరమ్మ చెప్పింది. ఇల్లు ఆయన పేరునే ఉన్నా నన్ను గెంటెయ్యడానికి లేదట. ఇది తెలియకే ఇన్నేళ్లు భయపడ్డాను.

అయినా పోలీసు స్టేషన్‌కీ వెళ్లాను. నాకు జరిగింది ఒకచోట రాతలో ఉండాలనిపించింది. అక్కడ మాత్రం బాధపడ్డాను. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి "రాజీ పడమ్మా" అన్నారు. సెంటర్ నుంచి వచ్చినావిడ పక్కనే నిలబడి గట్టిగా మాట్లాడాకే ఫిర్యాదు రాసుకున్నారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని కూడా ఆవిడే చెప్పింది, అడిగి తీసుకున్నాను.

హెల్ప్‌లైన్‌కి ఐదుకి ఐదు ఇస్తాను. లంకల్లో ఉన్న అక్కచెల్లెళ్లు మాత్రం గొడవ వచ్చేలా ఉందనిపించగానే, పంటు తిరుగుతుండగానే ఫోన్ చెయ్యండి.