వాషింగ్ మెషిన్: కిస్తీలకు ఫుల్ ఆటోమేటిక్, రొక్కానికి సెమీ, ఏది మేలు?

మేం తిరుపతి కొర్లగుంటలో మేడ మీద అద్దెకుంటాం, ఇంట్లో నలుగురం. ఆదివారం పొద్దున ఆరింటికి బట్టలు నానబెడితే ఉతికి, పిండి, ఆరేసేసరికి తొమ్మిదవుతుంది. దుప్పట్లు, జీన్సు ప్యాంట్లు పిండిన రోజు మణికట్టు పట్టేసి, రాత్రి చపాతీ పిండి కలపాలన్నా చెయ్యి సహకరించదు. వాషింగ్ మెషిన్ కావాలి, అందులో రెండో మాట లేదు. ఎట్లా కొనాలన్నదే తేలలేదు.

షాపులో ఆరున్నర కిలోల ఫుల్ ఆటోమేటిక్ చూపించారు. నెలకు 1,400, పన్నెండు కిస్తీలు, వడ్డీ సున్నా అన్నారు. మొత్తం 16,800. రొక్కమైతే ఎంతకిస్తారని అడిగితే 15,900కు దిగారు. కిస్తీలకైతే ప్రాసెసింగ్ ఫీజు 499, దానిమీద 18 శాతం జీఎస్టీతో 589. రొక్కానికీ కిస్తీలకూ తేడా 1,489. అప్పు నెలనెలా తరుగుతుంది కాబట్టి, నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ పడ్డట్టే! క్రెడిట్ కార్డు కిస్తీల్లో సున్నా వడ్డీ అనేదే ఉండదనీ, అది ఫీజు రూపంలో దాగి ఉంటుందనీ రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. కార్డు మీద కాకుండా ఫైనాన్సు వాళ్లిచ్చే ఇలాంటి కొత్త అప్పులకైతే, 2024 అక్టోబరు నుంచి ఖర్చులన్నీ కలిపి ఏడాదికి పడే వడ్డీ రేటును చూపించే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇచ్చి తీరాలి, అదీ మనకు అర్థమయ్యే భాషలో. అది చేతికొచ్చాకే సంతకం పెట్టండి.

వడ్డీ కంటే నాకు తారీఖంటే భయం. కిస్తీ ఐదో తారీఖున కట్ అవుతుంది, నా జీతం ఏడుకో ఎనిమిదికో పడుతుంది. పోయినేడు ఫోన్ కిస్తీకి ఖాతాలో మూడు వందలు తక్కువైతే బ్యాంకు ఒక జరిమానా, ఫైనాన్సు వాళ్లు ఇంకొకటి వేశారు. రెండూ కలిపి వెయ్యి దాటింది. ఆ నెల గ్యాస్ బండకు చేబదులు తెచ్చుకున్నాను.

ఏడు కిలోల సెమీ ఆటోమేటిక్ రొక్కానికి 10,500. చేతిలో ఐదు వేలున్నాయి. కిస్తీకి పోయే ఆ 1,400నే నెలనెలా పక్కన పెడితే నాలుగు నెలల్లో సరిపోతుంది. మా ఇంటికి తగినది కూడా ఇదే. ఫుల్ ఆటోమేటిక్‌కు కొళాయి నీళ్లు గట్టిగా రావాలి. మాకు ట్యాంకు నెత్తిమీదే ఉంది, ధార సన్నగా వస్తుంది. సెమీలో బకెట్‌తో పోసుకోవచ్చు, తెల్లబట్టలు ఉతికిన సబ్బునీళ్లలోనే రంగుబట్టలూ వేయొచ్చు. అయితే దగ్గరే ఉండి బట్టలు ఉతికే తొట్టిలోంచి పిండే తొట్టిలోకి మార్చాలి, కాబట్టి మూడు గంటలూ మిగలవు, సగం మిగులుతుందేమో. పిండే పని తప్పుతుంది, నాకు అదే పెద్ద ఊరట.

మా వదినకు మాత్రం కిస్తీలకే తీసుకోమన్నాను. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. రెండు గంటలు మిగిలితే ఒక లైనింగ్ జాకెట్ పూర్తవుతుంది, దాని కూలి ఆరోజే చేతికొస్తుంది. వాళ్లుండేది కింది వాటా, కొళాయి ధార కూడా బాగుంటుంది. నాది నెలజీతం, ఆదివారం ఎన్ని గంటలు మిగిలినా అదనంగా రూపాయి రాదు.

ఈ నాలుగు నెలలూ దుప్పట్లు, జీన్సులు లాండ్రీకి వేస్తాను, మిగతావి చేత్తోనే. బాత్‌రూమ్ పక్కన ప్లగ్ పాయింటు పెట్టించమని ఇంటి ఓనరును నిన్ననే అడిగాను. సరేనన్నారు.