సీసీనా, క్యూబిక్ ఇంచీలా? బండి ఇంజిన్‌కు ఏ లెక్క మేలు

అమెరికాలో ఉన్న కొడుకో బావమరిదో హార్లే బైక్ పక్కన నిలబడి ఫోటో పంపుతాడు. ఇంజిన్ మీద 107 అని రాసి ఉంటుంది. "ఇదేంది, మన స్ప్లెండర్ కన్నా పది సీసీలే ఎక్కువనా?" అని ఇక్కడివాళ్లు నన్ను అడుగుతారు. హన్మకొండలో ఈ ప్రశ్న విని విని అలవాటైపోయింది. అది 107 క్యూబిక్ ఇంచీలు. సీసీ (క్యూబిక్ సెంటీమీటర్) లాగే ఇదీ సిలిండర్లలో పిస్టన్ కదిలే జాగా ఎంతో చెప్పే లెక్క. ఒక్కో ఇంచీకి 16.387 సీసీ చొప్పున దాదాపు 1,750 సీసీ. ఆ వెంటనే రెండో ప్రశ్న: మరి ఏ లెక్క మంచిది?

పెద్ద ఇంజిన్లకు ఇంచీల లెక్క బాగానే ఉంటుంది. 107, 114, 117 అంటే నోటికి తేలిక, చెవికి దర్జా. కానీ 107కీ 114కీ మధ్య ఉన్న ఏడు ఇంచీలు 115 సీసీతో సమానం. మన దగ్గర అంతలో ఒక పూర్తి బండి ఇంజిన్ వచ్చేస్తుంది!

నా దృష్టిలో తేలాల్సింది అక్కడే. మన బండ్లు చిన్నవి, వాటి తేడాలు ఇంకా చిన్నవి. స్ప్లెండర్ బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 49.5 మి.మీ.; లెక్కకడితే 97.2 సీసీ. సిలిండర్ అరిగితే లేత్ షాపులో వెర్నియర్ పెట్టి చూసి, బోర్ చేసి, అర మిల్లీమీటర్ ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు. పిస్టన్ నెత్తిన 0.50 అని కొట్టి ఉంటుంది. అప్పుడు ఇంజిన్ 99.1 సీసీ అవుతుంది. అదే ఇంచీల్లో చెప్పాలంటే 5.93 పోయి 6.05. ఈ తేడా ఏ మెకానిక్‌కు అర్థం కావాలి?

జేబు సంగతీ అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. బుల్లెట్ 349 సీసీ దగ్గర ఆగింది కాబట్టి గీతకు ఇవతలే ఉంది. ఇంచీల్లో ఆ గీత 21.36, బుల్లెట్ 21.3. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కూ 75, 150, 350 సీసీలే హద్దులు. ఆర్‌సీలో ఉండేదీ సీసీనే. నా ఓటు ఎటో చెప్పనక్కర్లేదు.

లీటర్ల లెక్క కూడా ఉందంటారు. వెయ్యి సీసీ బండిని లీటర్ బైక్ అనడానికి తప్ప మనకు దాంతో పని లేదు.

ఒక్క మాట. ఇంగ్లండ్‌లో పుట్టిన పాత బుల్లెట్ 350 ఇంజిన్ బోర్, స్ట్రోక్ 70, 90 మిల్లీమీటర్లే, కానీ దాని నట్లు బోల్టుల్లో చాలావరకు ఇంచీ సైజువి. ఆ బండి ఇంట్లో ఉన్నవాళ్లు ఇంచీ పానాలను పాత ఇనుప సామాన్లవాడికి వేయకండి.