అమ్మవారి మచ్చలు చెరిపేసే యాప్: మూడేళ్లు వాడాక

విజయనగరం గంటస్తంభం దగ్గర్లో మాది చిన్న ఫోటో స్టూడియో. పెళ్లిళ్ల సీజన్ అయిపోతే ఇక పెద్దకర్మ ఫోటోలే మాకు పని. ఓటరు కార్డో, గ్రూపు ఫోటోలో మూడో వరసలో సగం కనబడే తలకాయో పట్టుకొచ్చి, సాయంత్రానికి 12×18 లామినేషన్ కావాలంటారు. ఆ టెన్షన్ పడలేకే పాత ముఖాలు బాగుచేసే ఏఐ యాప్ ఒకటి డబ్బు కట్టి తీసుకున్నాను.

గీతలు, బూజు మరకలు, చెద కొట్టిన అంచులు తీయడంలో దానికి వంక పెట్టలేను. నేను రెండు గంటలు కూర్చునే పని అర నిమిషంలో చేసేస్తుంది. గొడవంతా ముఖం దగ్గరే.

గజపతినగరం వైపు నుంచి ఒక పెద్దాయన తల్లి ఫోటో తెచ్చాడు. తళతళలాడేలా చేసి చూపించాను. కాసేపు చూసి, "ఇదేటి బాబూ, ఈవిడెవులు?" అన్నాడు. అప్పుడు అసలు ఫోటో మీద భూతద్దం పెట్టాను. చెంపల నిండా అమ్మవారు పోసిన మచ్చలు, గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు, ముక్కుకి అడ్డబాస. మచ్చల్నీ చుక్కల్నీ ఫోటో మీది మరకలనుకుని యాప్ తుడిచేసింది. అడ్డబాసని ముక్కు నీడలో కలిపేసింది. పైగా వరసగా తెల్లటి పళ్లు! జీవితమంతా అడ్డపొగ (చుట్ట నిప్పుని నోట్లోకి పెట్టి) కాల్చిన మనిషికి.

ఇలాంటి పద్ధతుల్లో చాలావాటికి ఇంటర్నెట్‌లోంచి తీసిన 70,000 ముఖాల ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే ఫోటోల సేకరణతో శిక్షణ ఇచ్చారు. వాటిలో అడ్డబాస పెట్టుకున్న ముసలమ్మలు ఎందరుంటారో మీరే ఊహించుకోండి. మసకలో కనబడనిదాన్ని యాప్ బయటికి తియ్యదు, తను చూసిన ముఖాల్లోంచి అతికేది తెచ్చి అతికిస్తుంది. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ ఎముకలు 2012లో లెస్టర్‌లో కారు పార్కింగ్ కింద దొరికితే, పుర్రెని బట్టి మరుసటి ఏడాది ముఖం చేశారు. తర్వాత డీఎన్ఏ చూస్తే కళ్లు నీలం, జుట్టు లేతరంగు అయివుండొచ్చని తేలి బొమ్మకి రంగులు మార్చాల్సి వచ్చింది. అక్కడ పుర్రె అయినా ఆయనదే. నా దగ్గరున్నది గోరంత మసక.

బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి రంగులద్దే బటన్ అయితే పూర్తిగా మానేశాను. పాత గాజు నెగటివ్‌లు చాలావాటికి ఎరుపు కనబడదు, నల్లగా పడుతుంది. కుంకుమరంగు చీర కట్టుకున్నావిడకి యాప్ నల్లచీర కడుతుంది. ముత్తైదువగా పోయినావిడ ఫోటో అలా ఇస్తే ఇంట్లో వాళ్లు ఊరుకుంటారా?

ఇప్పుడు పాత ఫోటోని ఫోన్‌తో తియ్యను, స్కానర్ మీద 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) పెడతాను. యాప్ ముఖాన్ని ఎంత మార్చాలో చెప్పే స్లైడరు 30 దాటనివ్వను. మచ్చలు, పచ్చబొట్టు అసలు ఫోటోలోంచి కోసి మళ్లీ చేత్తో అతికిస్తాను. ఫ్రేము కట్టేముందు చిన్న ప్రింటు తీసి, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకి చూపించి రమ్మంటాను. దీనికి గంట ఎక్కువ పడుతుంది, డబ్బులు మాత్రం ఎవరూ ఎక్కువివ్వరు.

మొన్న ఓటరు కార్డు ఒక్కటే తెచ్చినామెకి 12×18 కుదరదని చెప్పేశాను. యాప్ ముట్టకుండా చిన్న సైజులో, మసకగానే తీసిచ్చాను. "మా అయ్యే" అని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.